చదునైన తెర కొనేముందు: పెట్టె మీది అంకెలకు అర్థం

కంప్యూటర్ మానిటర్ పెట్టె మీద అచ్చయ్యే అంకెలలో కొన్ని కొనేవారికి ఉపయోగపడేవి, మరికొన్ని అమ్మేవారికి ఉపయోగపడేవి. బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనో, చెన్నై రిచ్చీ వీధిలోనో వాడిన మానిటర్ కొని ఊరికి చేర్చుకున్న కుటుంబానికి ఈ తేడా ముందే తెలియకపోతే, మార్చుకు రావడానికి అయ్యే బస్సు ఖర్చే బరువవుతుంది. బడిలో కన్నడమో తమిళమో చదువుతూ, తెలుగును ఇంట్లో తెర మీద నేర్చుకునే పిల్లలున్న చోట ఇంకొక చిక్కు ఉంది. తెర సరిగా లేకుంటే ‘ద’ ఏదో ‘ధ’ ఏదో, ‘ప’ ఏదో ‘ఫ’ ఏదో పోల్చుకోవడం కష్టం. ఆ అక్షరాల మధ్య భేదమంతా కింది చిన్న గీతలోనే ఉంది.

మొదటి అంకె అంగుళాలది. ఇది తెర ఒక మూల నుండి ఎదుటి మూలకు గల కొలత. పాత 19 అంగుళాల చదరపు తెర ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, 18.5 అంగుళాల వెడల్పు తెర ఎత్తు 23 సెంటీమీటర్లు మాత్రమే. అర అంగుళమే తేడా అనుకొని కొన్నవారికి పుటలో కనిపించే పంక్తులు బాగా తగ్గిపోతాయి. మొదటిదానిలో నిలువున 1024 చుక్కలు, రెండవదానిలో సాధారణంగా 768.

ఆ చుక్కలనే పిక్సెళ్లంటారు. 1920 × 1080 అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080. మొత్తం ఇరవై లక్షలకు పైగా. ఇంగ్లీషు అక్షరానికి కొద్దిపాటి చుక్కలు చాలు. ‘రాష్ట్రం’ వంటి మాటలో తలకట్టు, దీర్ఘం, ఒకదాని కింద ఒకటిగా ఒత్తులు అన్నీ 16 చుక్కల ఎత్తులో ఇరికితే ఒత్తులు మసకబారక తప్పదు. అక్షరం పరిమాణం పెంచుకోవాలి. అలా పెంచినా చోటు చాలాలంటే చుక్కలు సన్నగా ఉండాలి. 21.5 అంగుళాల తెరలో 1920 × 1080 ఉంటే చుక్కకు చుక్కకు దూరం 0.248 మిల్లీమీటర్లు, అవే చుక్కలు 27 అంగుళాలకు పరిస్తే 0.311. పెద్ద తెర గొప్పగా కనబడవచ్చు గానీ, దగ్గర కూర్చొని చదివే పిల్లవాడికి చిన్నదే నయం. తెరకు సహజమైన చుక్కల సంఖ్యనే కంప్యూటర్‌లో ఎంచుకోవాలి. వేరే సంఖ్య పెడితే కొత్త తెర అయినా అలికినట్లుంటుంది.

కాంట్రాస్ట్ దగ్గర ఎక్కువగా మోసపోతారు. తెలుపుకూ నలుపుకూ గల వెలుగు నిష్పత్తి మామూలు తెరలలో 1000:1 ప్రాంతంలో, వి.ఎ. రకంలో 3000:1 ప్రాంతంలో ఉంటుంది. లక్షలలో రాసిన అంకె ‘డైనమిక్’ది. వెనుక దీపాన్ని తగ్గిస్తూ పెంచుతూ లెక్కగట్టినది. చదువుకు దానితో పనిలేదు. మిల్లీసెకన్లలో చెప్పే స్పందన కాలం ఆటలాడేవారికే ముఖ్యం.

చూపు కోణం మాత్రం ముఖ్యం. ఒకే తెర ముందు అక్క, తమ్ముడు, పక్కన తాతయ్య కూర్చునే ఇంట్లో టి.ఎన్. రకం తెర పక్కవారికి రంగులు మార్చి చూపుతుంది. కింది నుండి చూస్తే నల్లబడుతుంది. ఐ.పి.ఎస్. రకంలో ఆ బాధ తక్కువ. 1.62 కోట్ల రంగులని రాసి ఉంటే అది ప్రతి రంగుకు 6 బిట్ల తెర, 1.67 కోట్లయితే 8 బిట్లది, లేదా అంత రంగులు కనిపించేలా సర్దినది.

వాడిన తెర కొనేటప్పుడు పూర్తి తెలుపు, పూర్తి నలుపు వేయించి చూడడం మేలు. వెలగని చుక్కలు, ఆరని చుక్కలు అప్పుడే బయటపడతాయి. 2001 నాటి ఐ.ఎస్.ఓ. 13406-2 ప్రమాణం రెండవ తరగతి తెరలకు పది లక్షల చుక్కలకు ఇన్నని కొన్ని లోపాలను అనుమతించింది. కాబట్టి ఒకటి రెండు చుక్కలున్నంత మాత్రాన తెర చెడినట్లు కాదు. పాత తెరల వెనుక సన్నని గొట్టపు దీపాలుంటాయి. అవి ముదిరితే వెలుగు పసుపు తిరుగుతుంది. తర్వాత వచ్చిన ఎల్.ఇ.డి. తెరలకు కరెంటు తక్కువ పడుతుంది.

చివరగా వెనుక అతికించిన చీటీ. 12, 14, 19 వోల్టులలో ఏ అడాప్టరు కావాలో దాని మీదే ఉంటుంది. అడాప్టరు లేని తెర చవకగా ఇస్తామంటే ఆ చీటీ చదివి, సరిపోయేది దొరుకుతుందో లేదో చూసుకున్నాకే బేరమాడాలి. ఎక్కువ వోల్టుల అడాప్టరు తగిలిస్తే మానిటర్ కాలిపోవచ్చు.