రేకు అచ్చు మనకూ ఉంది, వెక్కిరింత ఏదీ?

(మా పుంగనూరు విలేకరి)

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే, ఒకప్పుడు దారి పొడవునా గోడలు చదువుకుంటూ పోవచ్చు. హస్తం, సైకిలు, కంకి కొడవలి. చేయి తిరిగిన ఆర్టిస్టు గీసినవి కొన్నే. తక్కినవన్నీ రేకు అచ్చులు. పల్చటి రేకులో గుర్తు ఆకారం కత్తిరించి, గోడకు ఆనించి, రంగులో ముంచిన గుడ్డతో అద్దితే సరి. ఒక్క రేకుతో తెల్లారేసరికి ఊరంతా పడేది. ఇంటివాణ్ణి అడిగేది తక్కువ. అవతలి పార్టీవారు రాకుండా ‘ఈ గోడ రిజర్వుడు’ అని ముందే రాసుకునేవారు.

ఇదే పద్ధతితో ఇంగ్లండులో బ్యాంక్సీ అనే మారుపేరు చిత్రకారుడు ఏలేవారినే ఎగతాళి చేస్తున్నాడు. కత్తిరించిన అచ్చు, రంగు డబ్బా, అంతే సరంజామా. 2025 సెప్టెంబరులో లండన్ హైకోర్టు గోడపై, విగ్గు పెట్టుకున్న జడ్జి కింద పడిన నిరసనకారుణ్ణి సుత్తితో కొడుతున్నట్టు బొమ్మ వేశాడు. పాత కట్టడమంటూ అధికారులు గీకించేశారు. నీడలాంటి మరక మిగిలింది. వేలంపాటలో బొమ్మలు కొనేవారిని వెర్రివాళ్లని వెక్కిరిస్తూ కాగితంపై అచ్చు వేస్తే, జనం దాన్నీ వేలంలో కొన్నారు!

మనవారికి వెక్కిరింత చేతకాదా? తిరుపతి గంగజాతర చూసినవారు ఆ మాట అనరు. బండవేషం కట్టినవాడు ఎవరినైనా బూతులు తిట్టవచ్చు. ఎంత పెద్దమనిషైనా నవ్వి ఊరుకోవలసిందే. ఆడవారిని చెరపట్టిన పాలెగాడు దాక్కుంటే, గంగమ్మ వేషాలు మార్చి వెతికి, దొరవేషాన చంపిందని కథ. అయితే జాతర ముగియగానే ఆ నోళ్లన్నీ మూతపడతాయి. పుంగనూరు, కుప్పం జాతర్లు చూసివచ్చే మనకూ ఆ సంగతి తెలుసు.

అనుమతి లేకుండా గోడలు పాడుచేయరాదని 1997లో మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఇంటి గోడకు అది మేలే. తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఫ్లెక్సీలో డబ్బిచ్చినవాడి ముఖమే పడుతుంది, ఎగతాళికి చోటెక్కడిది? రేకులు పాత ఇనుముకు పోయాయి.

మా ఊళ్లో వారం రోజులు కుళాయి రాకపోతే, ఎవరో రాత్రిపూట నీళ్ల ట్యాంకుపై బొగ్గుతో బోర్లించిన బిందె గీశారు. కింద ఒక్క అక్షరం లేదు. పొద్దున బిందెలతో వచ్చిన ఆడవారు చూసి పగలబడి నవ్వారు. మధ్యాహ్నానికల్లా మనుషులు వచ్చి సున్నం కొట్టిపోయారు. నీళ్లు ఇంకో నాలుగు రోజులకు వచ్చాయి.