అండమాన్‌లో ముందే వచ్చే మధ్యాహ్నం: కంటి చుట్టూ చర్మాన్ని కాపాడుకోవడం ఎలా?

అండమాన్ దీవుల్లో గడియారం పన్నెండు కొట్టకముందే సూర్యుడు నడినెత్తికి చేరతాడు. భారత ప్రామాణిక కాలానికి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారం కాగా, శ్రీ విజయ పురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) సుమారు 92.7 డిగ్రీల వద్ద ఉంది. అందువల్ల ఇక్కడ మిట్టమధ్యాహ్నం సగటున 11.20 గంటలకే వస్తుంది. అతినీలలోహిత కిరణాలు ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం ఒకటిన్నర వరకు తీవ్రంగా ఉంటాయి. పదకొండు దాటాక జాగ్రత్తపడితే అప్పటికే ఆలస్యమవుతుంది.

ఈ ఎండకు సులువుగా దెబ్బతినేది కనురెప్పల చర్మం. శరీరంలోకెల్లా పలుచనైన ఈ చర్మం మందం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. కిరణాలు లోపొరల్లోకి చొచ్చుకుపోయి, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్‌ను దెబ్బతీస్తాయి. ఆ నష్టం ఒక్కరోజులో కనిపించదు. ఏళ్ల తరబడి పోగుపడి ముడతలుగా, మచ్చలుగా, కొందరిలో రెప్పపై క్యాన్సర్‌గా బయటపడుతుంది.

శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు మత్స్యకారులకు టోపీ ఒక్కటే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం సముద్రపు నురగ సుమారు 25 శాతం, పొడి ఇసుక 15 శాతం అతినీలలోహిత కిరణాలను తిరిగి పైకి పంపుతాయి. పల్చని మబ్బు కూడా వాటిని ఆపలేదు.

వెడల్పాటి అంచు టోపీతో పాటు, పక్కలను కూడా కప్పే ‘యూవీ 400’ కళ్లద్దాలు ధరించాలి. ఈ రక్షణ లేని నల్లద్దాల వెనుక కంటిపాప విప్పారి, మరిన్ని కిరణాలు లోనికి చేరే ప్రమాదముంది. జింక్ ఆక్సైడ్ కలిగిన ఎస్‌పీఎఫ్ 30 క్రీమును కంటిలో పడకుండా పలుచగా రాసి, రెండు గంటలకొకసారి తిరిగి రాయాలి. రెప్పపై మానని పుండు, పెరుగుతున్న గడ్డ, ఒకేచోట రాలుతున్న వెంట్రుకలు గమనిస్తే వెంటనే నేత్రవైద్యుని సంప్రదించాలి.