పోయిన కూలి ఎవరు రాస్తారు?

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్లో నేనొక లాయర్ని. లైంగిక దాడి కేసులో ఎవరైనా నా ముందు కూర్చుంటే జరిగిందంతా విన్నాక ఒక మాట అడుగుతాను: 'ఇప్పుడు ఇల్లెలా గడుస్తోందమ్మా?' అంతవరకూ వాళ్లను ఆ మాట ఎవరూ అడిగి ఉండరు.

మిల్లులో పనిచేసే ఒకామె వచ్చింది. పేరూ ఊరూ రాయడానికి చట్టం ఒప్పుకోదు, నాకూ ఇష్టం లేదు. దాడి చేసింది ఆమెను పనిలో పెట్టిన మేస్త్రీయే. కేసు పెట్టిన మర్నాటి నుంచి పని లేదు. స్టేషన్‌కు ఒక రోజు, ఆసుపత్రికి ఒక రోజు, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలానికి ఇంకో రోజు. వెళ్లిన ప్రతిసారీ తోడొచ్చిన తల్లి కూలీ పోయేది. ఇంటాయన గది ఖాళీ చేయమన్నాడు. కొత్త గది అడ్వాన్సుకు చెవికమ్మలు తాకట్టుకెళ్లాయి. ఇంటర్ చదివే చెల్లెల్ని భయపడి కాలేజీ మాన్పించారు. ఇది ఏ కాగితంలోకీ ఎక్కదు గానీ, నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే.

జాతీయ నేర గణాంకాల నివేదికలు తీస్తే, చాలా ఏళ్లలో నూటికి తొంభైకి పైగా అత్యాచారం కేసుల్లో నిందితుడు తెలిసినవాడే. తెలిసినవాడంటే మేస్త్రీ, యజమాని, పక్కింటివాడు, బంధువు. పని ఇచ్చేదీ, అద్దెకు ఇల్లిచ్చేదీ, అవసరానికి అప్పిచ్చేదీ తరచూ వాళ్లో, వాళ్ల మనుషులో. ఫిర్యాదు చేస్తే అవన్నీ ఒక్కసారే మూసుకుపోతాయి.

రాజస్థాన్‌లో భన్వరీ దేవికి జరిగిందీ అదే. బాల్యవివాహం ఆపబోయినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. వాళ్లది కుమ్మరి కుటుంబం. కేసు పెట్టాక ఊళ్లో వాళ్ల కుండలు కొనడం మానేశారు. ఆ కేసు నేపథ్యంలోనే 1997లో సుప్రీంకోర్టు పనిచోట లైంగిక వేధింపులపై 'విశాఖ' తీర్పు ఇచ్చింది, 2013లో పనిచోట వేధింపుల చట్టం వచ్చింది. పరిహారం లెక్కకట్టేటప్పుడు ఉద్యోగావకాశాల నష్టాన్నీ చూడాలని అందులో ఉంది. విచారణ సాగుతుండగా మూడు నెలల దాకా అదనపు సెలవూ అడగొచ్చు. మంచిదే. రోజుకూలి మనిషికి మాత్రం సెలవంటే పస్తే.

కూలి జనానికి ఎక్కువ అక్కరకొచ్చేది 2018 నాటి జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) పరిహార పథకం. అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారానికి 5 నుంచి 10 లక్షలు. నేరం రుజువయ్యేదాకా ఆగక్కర్లేదు, మధ్యంతర పరిహారం ముందే అడగొచ్చు. వైద్యం ఖర్చు, దర్యాప్తుకూ విచారణకూ తిరిగిన ఖర్చు, ఆగిన చదువు, పోయిన ఉపాధి అన్నీ లెక్కలోకి తీసుకోవాలని పథకంలోనే రాసి ఉంది. మంజూరైన దాంట్లో నాలుగో వంతు చేతికొస్తుంది, మిగతాది కనీసం మూడేళ్లు బ్యాంకు డిపాజిట్లో ఉంటుంది. ఇంట్లో ఎవరూ లాక్కోకుండా అది మేలే. కానీ చేతికొచ్చింది చాలాసార్లు అప్పులవాళ్లకే సరిపోతుంది. చదువుకో, వైద్యానికో కావాలంటే డిపాజిట్ నుంచి తీసుకునేందుకు అనుమతి కోరవచ్చు.

చిక్కల్లా దరఖాస్తులోనే. 'అన్యాయం జరిగింది, ఆదుకోండి' అని రెండు ముక్కలు రాసి వేలిముద్ర వేస్తారు. పోయిన కూలి రాయరు. అందుకే అందర్నీ ఓ నోటుబుక్కు పెట్టమంటాను. బస్సు టికెట్లు, మందుల చీటీలు, పనికి పోని రోజులు, గది మారిన ఖర్చు, వాయిదాల తేదీలు. 'ఇదంతా రాస్తే డబ్బుకోసమే కేసు పెట్టానంటారేమో మేడమ్' అంది మిల్లులో పనిచేసే ఆమె. అనేవాళ్లు ఎలాగూ అంటారు. ఆ మాట ముందుగా అన్నది రాజీకి వచ్చిన పెద్దమనుషులే. అంటూనే ఆమె ముందు నోట్ల కవరు పెట్టారు. అత్యాచారం కేసులో చట్టం రాజీ ఒప్పుకోదని వాళ్లకీ తెలుసు. పొయ్యి వెలగని ఇంట్లో సాక్షి ఎన్నాళ్లు నిలబడుతుందో కూడా వాళ్లకు తెలుసు.

ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సహాయం ఉచితం. ఫోన్ నంబరు 15100. ప్రభుత్వాసుపత్రి అయినా ప్రైవేటుదైనా చికిత్స ఉచితంగా చేయాల్సిందే, కాదంటే నేరం. మీకు తెలిసినవాళ్లకు ఇలాంటి కష్టం వస్తే, ధైర్యం చెప్పడంతో ఆగకండి. పక్కన కూర్చుని ఆ నోటుబుక్కు రాసిపెట్టండి.