అడుగు వేయకముందే

ఆడా మగా కలిసి ఆడే ఆటకు అదుపూ ఆజ్ఞా ఉండవని మనవాళ్లలో చాలామందికి గట్టి నమ్మకం. 2019 డిసెంబరులో రాయ్‌పూర్ సైన్స్ కాలేజీ మైదానంలో జాతీయ ఆదివాసీ నృత్యోత్సవం మూడు రోజులు ఘనంగా జరిగింది. అలాంటి వేదికల మీద చూశాక కూడా బస్తర్ ఆదివాసీల ఆటలను విచ్చలవిడితనం కిందే జమకట్టేవాళ్లున్నారు. ఇక అర్జెంటీనా జంట నాట్యం టాంగో పేరెత్తితే సరేసరి. నిజానికి మనిషికి మనిషి ఎంత దగ్గరగా ఆడితే కట్టుబాట్లు అంత బిగుస్తాయి. పరువు పోయేదీ అక్కడే కాబట్టి.

టాంగో ఆడే సభను మిలోంగా అంటారు. బ్యూనస్ ఏరీస్ పాత పద్ధతిలో మగవాడు నేరుగా ఆమె బల్ల దగ్గరికెళ్లి చెయ్యి చాపకూడదు. దూరం నుంచే చూస్తాడు. చూపు కలిస్తే తల కొద్దిగా ఆడిస్తాడు. ఆమె తలూపితే ఒప్పుకున్నట్టు, చూపు తిప్పుకుంటే సంగతి అక్కడితో సరి. పక్కవాళ్లకు తెలియను కూడా తెలియదు. దీని పేరు కబెసెయో. తలూపాక కూడా అతను ఎదుటికి వచ్చేదాకా ఆమె కుర్చీ వదలదు. అతని చూపు వెనక కూర్చున్నామె మీదేమో! సంబంధం నచ్చకపోతే మనం జాతకాలు కలవలేదని కబురంపి, నేరం గ్రహాల మీదికి నెట్టేస్తాం. వాళ్లకు కళ్లు చాలు. ఆట మొదలయ్యాక మూడు నాలుగు పాటలు కలిసి ఒక తాండా. మధ్యలో ‘థాంక్స్’ అంటే ఇక చాలని అర్థం. జంటలన్నీ గడియారపు ముల్లుకు ఎదురు దిశలోనే తిరగాలి.

టాంగో కాలక్షేపం, ఆదివాసీల ఆట పూజ, రెండింటికీ పోలికేమిటని అడగవచ్చు. ఉద్దేశాలు వేరే, నిజమే. కానీ బస్తర్ మురియా ఆదివాసీల యువజన గృహమైన ఘోటుల్ గురించి మానవ శాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో అచ్చయిన పుస్తకంలో రాసింది చూడండి: అక్కడి యువతీయువకులకు తమలోనే పెద్దలుండేవారు, పనులు పంచుకునేవారు, కట్టెలు తేకపోతే జరిమానా కట్టేవారు. ఆదిలాబాద్ గోండుల దండారిలోనూ అంతే. దీపావళి రోజుల్లో ఒక ఊరి బృందం మరో ఊరికి అతిథిగా వెళ్లి ఆడుతుంది. బస, భోజనం ఆ ఊరివాళ్లవి. నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుసాడీలు దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. ఇన్ని నియమాలుంటే సరదా చస్తుందన్న వాదనా ఉంది. కబెసెయో చూపు ఆననివాళ్లకు, మసక వెలుతురులో ఇబ్బందే. అందుకే కొన్నిచోట్ల నోటితో అడగడమూ మామూలైంది. అడిగే తీరు మారింది గానీ అడగడం మానలేదు. కాబట్టి రాయ్‌పూర్‌లో ఎప్పుడైనా ఆదివాసీ బృందం ఆడుతుంటే, వరసలో దూరి సెల్ఫీ దిగేముందు వాళ్ల పెద్దను ఒక్క మాట అడగండి. వద్దంటే పక్కకు తప్పుకుని చూడండి.