యముడి కచేరీలో నవ్వులు

తెలుగు తెరమీద మిగతా దేవుళ్లకు భక్తులుంటారు, యముడికి అభిమానులుంటారు. 1960లో 'దేవాంతకుడు', 1977లో 'యమగోల', 1988లో 'యముడికి మొగుడు', 1994లో 'యమలీల', 2007లో 'యమదొంగ'. దాదాపు అర్ధశతాబ్దం పాటు, తాత ఎన్టీ రామారావు మొదలు మనవడు జూనియర్ ఎన్టీఆర్ దాకా, హీరోలు నరకానికి వెళ్లడం, అక్కడ నానా అల్లరీ చేయడం, దర్జాగా తిరిగి రావడం జరుగుతూనే ఉంది. పొద్దున్నే పేరెత్తితే ఇంట్లో పెద్దవాళ్లు కసురుకునే దేవుడు, టీవీ ముందు కూర్చున్న పిల్లలు పగలబడి నవ్వే పాత్ర ఎలా అయ్యాడు? జనంలో భక్తి తగ్గింది కాబట్టి, అనేది చాలామంది చెప్పే జవాబు. అది సరైన జవాబుగా తోచదు. మనవాళ్లు నవ్వుతున్నది యముడిలోని దేవుణ్ని చూసి కాదు, అధికారిని చూసి.

ఆలోచించండి. వెంకటేశ్వరస్వామి దగ్గరికి మనం మొక్కుకుని వెళతాం. యముడి దగ్గరికి మనల్ని పట్టుకెళతారు. అక్కడ సభ ఉంటుంది, చిట్టా ఉంటుంది, ఆ చిట్టా చదివి వినిపించే చిత్రగుప్తుడుంటాడు, పిలవగానే పరుగెత్తుకొచ్చే భటులుంటారు. ఇది గుడి కాదు, అచ్చంగా కచేరీ. తాలూకాఫీసు మెట్లెక్కి దిగిన మనిషికి ఆ వాతావరణం ఎవరూ వివరించనక్కర్లేదు. చిత్రగుప్తుణ్ని చూడగానే లెక్కల పుస్తకం చంకలో పెట్టుకున్న పాతకాలపు కరణం గుర్తొస్తాడు. అందుకే ఈ సినిమాల్లో హాస్యం ఎప్పుడూ పరిపాలనలోని లొసుగుల చుట్టూనే తిరుగుతుంది. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాదే వచ్చిన 'యమగోల'లో హీరో యమకింకరులను కూడగట్టి సమ్మెకు దింపుతాడు. 'యముడికి మొగుడు'లో ఆయువు తీరకముందే నన్నెలా తెచ్చారని నిలదీస్తాడు. తీరా చూస్తే కింద శరీరం కాస్తా దహనమైపోయింది. అచ్చం అలాగే ఉన్న ఇంకొకడి శరీరంలోకి పంపించి యముడు చేతులు దులుపుకుంటాడు. కచేరీలో తప్పు జరిగితే ఎలా సర్దుతారో తెలిసినవాళ్లు రాసిన కథ ఇది. 'యమలీల'లో ఏకంగా భవిష్యత్తు రాసి ఉన్న పుస్తకమే జారి భూమ్మీద పడిపోతుంది. దస్త్రం కనిపించడం లేదనే మాట వినని తెలుగువాడుంటాడా? యమగోలలో యమలోకాన్ని తలకిందులు చేసిన నటుడే తర్వాత ముఖ్యమంత్రి అయి, 1984లో మునసబు కరణాల వ్యవస్థను రద్దు చేశారు. రెంటికీ సంబంధం అంటగట్టడం లేదు గానీ, కరణం చిట్టా మీద జనంలో ఎంత కసి ఉందో రెండుచోట్లా కనిపిస్తుంది.

సినిమావాళ్లు పురాణాలను చవకబార్చారని ఆక్షేపించేవాళ్లు ఒక్కసారి ఆ పురాణాలే తిరగేస్తే మంచిది. కఠోపనిషత్తులో నచికేతుడు యముడి ఇంటికి వెళ్లేసరికి గృహస్థు ఊళ్లో లేడు. మూడు రాత్రులు తిండి లేకుండా గుమ్మంలో ఎదురుచూసిన కుర్రాడికి యముడు తిరిగొచ్చి నొచ్చుకుని, రాత్రికొకటి చొప్పున మూడు వరాలిచ్చాడు. ఆలస్యానికి నష్టపరిహారం చెల్లించిన మొదటి అధికారి బహుశా ఆయనే. భారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ ఇంకా ఘాటైనది. చిన్నతనంలో పురుగులను పుల్లతో గుచ్చిన పాపానికి ఆ ముని కొరత వేయించుకోవలసి వచ్చింది. నేరానికి తగ్గ శిక్షేనా ఇది అని ఆయన నేరుగా యముడినే నిలదీసి, భూమ్మీద పుట్టమని శపించాడు. యముడు విదురుడై పుట్టాడు. పైగా 14 ఏళ్లలోపు పిల్లలు చేసినదేదీ పాపం కాదని ముని కొత్త నియమం పెట్టి మరీ వెళ్లాడు. భాగవతం ఆరో స్కంధంలో అజామిళుడు చావు ఘడియల్లో కొడుకును 'నారాయణా' అని పిలిస్తే విష్ణుదూతలు దిగి యమదూతలను తరిమేశారు. అవమానపడిన భటులు తిరిగొచ్చి, ఈ లోకాన్ని శాసించే దొరలు అసలు ఎంతమంది స్వామీ అని తమ ప్రభువునే అడిగారు. రెండు శాఖల మధ్య అధికార పరిధి తగాదా అంటే ఇదే కదా! ఇక సావిత్రి వాదనాబలం ముందు యముడు ఎలా చిక్కుకున్నాడో చెప్పనే అక్కర్లేదు. వేమూరి గగ్గయ్యను యముడిగా పెట్టి 1933లో 'సావిత్రి' తీసిన సి. పుల్లయ్యే, ఎస్వీ రంగారావును యముడిగా పెట్టి 'దేవాంతకుడు' తీశారు. భక్తి సినిమా తీసిన చెయ్యే హాస్యానికీ పూనుకుందంటే, ఆ రెంటినీ ఆయన శత్రువులుగా చూడలేదన్నమాట.

'మన దేవుళ్ల మీదే ఎందుకు, వేరే మతాల జోలికి వెళ్లగలరా?' అనే ప్రశ్న ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. ప్రశ్న న్యాయంగానే కనిపిస్తుంది, కానీ హాస్యం పుట్టేచోటు వేరు. ఎదుటివాడికి కథ ముందే తెలిసి ఉంటేనే జోకు పేలుతుంది. మహిషం, పాశం, కిరీటం, ఆ పౌరాణిక నాటకాల భాష ఇంటింటా తెలిసినవి కాబట్టే నేటి వీధిలో యముడు నడిస్తే నవ్వొస్తుంది. ఎవరి ముంగిట్లో వాళ్లే బాగా నవ్వగలరు. ముల్లా నస్రుద్దీన్ కథలు పుట్టింది ముస్లిం సమాజాల్లోనే. మనకూ నిందాస్తుతి అనే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. చెరసాలలో ఉన్న కంచర్ల గోపన్న, చేయించిన నగలన్నీ ఏకరువు పెట్టి ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని రాముణ్నే దులిపేశాడు. కాసుల పురుషోత్తమకవి కృష్ణా తీరంలోని శ్రీకాకుళాంధ్ర దేవుణ్ని ఎత్తిపొడుస్తూ శతకమే రాశాడు. వాళ్లను నాస్తికులని ఎవరూ అనలేదు.

అసలు చిక్కు దేవుడి దగ్గర రావడం లేదు, మనుషుల దగ్గర వస్తోంది. యముడు రోడ్ల మీద నానా తంటాలు పడిన సినిమాలు హాయిగా ఆడాయి. 2012లో 'దేనికైనా రెడీ' వచ్చినప్పుడు మాత్రం తమను కించపరిచారని బ్రాహ్మణ సంఘాలు రోడ్డెక్కాయి. వాళ్ల బాధను కొట్టిపారేయలేం. పక్కింటి మనిషి మీద విసిరిన వెటకారం అతని పిల్లల దాకా తగులుతుంది, యముడికి ఆ ఇబ్బంది లేదు. పైపెచ్చు సర్కారుకు కూడా ఆయన పనికొస్తున్నాడు. 2018లో బెంగళూరు ట్రాఫిక్ పోలీసులు హెల్మెట్ లేనివాళ్లను హెచ్చరించడానికి యముడి వేషగాణ్ని రోడ్డు మీద నిలబెట్టారు.

అయితే హేతువాదులు చేసే ఆక్షేపణలో మాత్రం కొంత పస ఉంది. ఈ నవ్వు దేన్నీ ప్రశ్నించదు, చివరికి అంతా పాత వ్యవస్థకే జై కొడుతుంది అంటారు వాళ్లు. నిజమే. ఏ యముడి సినిమా చూసినా చివరి రీలుకు తల్లి ప్రేమో, ధర్మమో గెలుస్తుంది, యముడు కరిగి దీవించి వెళ్లిపోతాడు, పద్దు ఎవరు రాస్తున్నారన్న ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. మాండవ్యుడు చట్టం మార్పించాడు, మన హీరో తన ఒక్కడి ఫైలు సర్దించుకుని వస్తాడు. పురాణం కంటే సినిమాయే పిరికిది అనడం అన్యాయం కాదనుకుంటాను. దానికితోడు వేళాకోళం కూడా పాతబడింది. పనులన్నీ మీసేవ కౌంటర్లకు చేరాయి, చిత్రగుప్తుడు ఇంకా లావుపాటి పుస్తకంతోనే తిరుగుతున్నాడు. ఆయన చేతిలో కంప్యూటర్ పెట్టే రచయిత వస్తే, ఆత్మను వరుసలో నిలబెట్టి 'సర్వర్ డౌన్, రేపు రండి' అనిపిస్తాడేమో. ఆ మాట విని సంతోషంగా ఇంటికి తిరిగెళ్లే దరఖాస్తుదారుణ్ని మనం ఇంతవరకు చూడలేదు.