బండికి తగిన చక్రం

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. కారును చూడదలచినవారు మాత్రం ముందుగా దాని కాళ్ళు చూడాలి. రంగూ, సీట్లూ, పాటల పెట్టే అన్నీ ఆ తరవాతే. ఐదుగురు మనుషులూ, వారి సామానూ, బండి ఇనుమూ కలిపి టన్ను పైచిలుకు బరువుంటుంది. ఆ బరువునంతా నేలకు ఆనించి వుంచేవి నాలుగు టైర్లు. ఒక్కొక్క టైరు నేలను తాకే మేర ఎంతో తెలుసునా? ఇంచుమించు అరచెయ్యంత! నాలుగు అరచేతుల మీద ఒక సంసారం ప్రయాణం చేస్తున్నదన్నమాట. అంచేత ఆ అరచేతులు ఎటువంటివో విచారించడం ఇంటి యజమానికీ, ఇల్లాలికీ కూడా అవసరమే.

చక్రాల సంగతి మా ప్రాంతం వారికి కొత్త కాదు. జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తన తండ్రి పేర దాన్ని జగ్గయ్యపేట చేశారు. ఆ వూరి పక్కన ధనంబోడు అనే దిబ్బ వుంది. 1882లో బర్జెస్ దొర అక్కడి బౌద్ధ స్తూపాన్ని పరిశీలించాడు. అక్కడ దొరికిన రాతి ఫలకం మీద ఒక చక్రవర్తి, ఆయన చుట్టూ సప్తరత్నాలు చెక్కి వున్నాయి. ఆ రత్నాలలో మొదటిది చక్రం. ఆ ఫలకం ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో వుంది. ఎవని చక్రం అడ్డు లేకుండా సాగిపోతుందో వాడు చక్రవర్తి. రాజుగారికైనా ముందు చక్రం కుదరాలి, తరవాతే ఏనుగులూ, గుర్రాలూ!

ఒక్క చక్రమే మార్చరాదు

మా చిన్నతనంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకు ఎడ్లబండి మీదనే వెళ్ళేవాళ్ళం. తుమ్మకర్ర చక్రం; దానికి ఆకులు, నడుమ కుండ, పైన ఇనప పట్టా. పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే అది బిగుసుకుని కర్రను కరిచిపట్టేది. తరవాత టైరు బండ్లు వచ్చాయి. గాలి టైరును 1888లో జనబాహుళ్యంలోకి తెచ్చిన డన్‌లప్ దొర వృత్తిరీత్యా పశువుల డాక్టరు. కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి ఆయన రబ్బరు గొట్టంలో గాలి నింపాడు. పశువుల డాక్టరు ప్రచారంలోకి తెచ్చిన టైరు చివరకు మా మెట్ట ఎడ్ల మెడలకు కూడా సుఖం ఇచ్చింది.

అయితే కర్ర చక్రం తీసేసి టైరు చక్రం తగిలించడానికి మా వూళ్ళో ఏ వడ్రంగీ ఒప్పుకునేవాడు కాదు. టైరు చక్రం పొట్టిది. ఇరుసు మార్చాలి, బండి ఎత్తు సరిచెయ్యాలి, కాడి ఎడ్ల మెడకు ఆనేలా చూడాలి. చక్రం మారిస్తే బండి అంతా దానికి తగ్గట్టు మారాలి. ఈ వడ్రంగి సూత్రం కారుకూ అక్షరాలా వర్తిస్తుంది.

మా అక్కయ్య కొడుకు జగ్గయ్యపేటలో వుంటాడు. ఈమధ్య చేతులు మారిన స్విఫ్టు కారు ఒకటి కొన్నాడు. అమ్మినవాడు కుర్రకారు. స్ప్రింగులు కోయించి బండిని నేలకు దించాడు. పదిహేడు అంగుళాల నల్లని అల్లాయ్ చక్రాలు, వాటికి పల్చని టైర్లు వేయించాడు. చూడడానికి పులిలా వుంది, నిజమే. ఒకనాడు గుంటలో పడి ముందు చక్రం పగిలింది. అటువంటిదే మరొక జత వేయిద్దామని మావాడి పట్టు. వాళ్ళావిడకు ఏడో నెల. పరీక్షలకు బెజవాడ వెళ్ళి రావాలి; పోను డెబ్బై ఎనభై కిలోమీటర్లు, రాను అంతే. "ఒరే అబ్బాయీ, నందిగామ తీసుకురా, మా టైర్ల మేస్త్రీ చేత చూపిద్దాం," అన్నాను.

పక్కన రాసిన జాతకం

పెళ్ళి సంబంధానికి జాతకం చూసినట్టు టైరుకూ జాతకం చూడాలి. అది పక్క గోడ మీదనే అచ్చువేసి వుంటుంది. ఉదాహరణకు 185/65 ఆర్ 15, 88 హెచ్ అని వుందనుకోండి. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు; లెక్కకు 120 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాలలో. 88 బరువు సంకేతం. ఆ టైరు 560 కిలోలు మొయ్యగలదని అర్థం. హెచ్ వేగ సంకేతం. గంటకు 210 కిలోమీటర్ల దాకా తట్టుకోగలదు. తట్టుకోగలదన్నారు గదా అని ఆ వేగంతో పొమ్మని కాదు సుమా!

పుట్టిన తేదీ కూడా వుంటుంది. నాలుగంకెలు కలిపి కోడిగుడ్డు ఆకారం గీతలో వేస్తారు. 2319 అని వుంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందన్నమాట. కొట్లో నిగనిగలాడుతున్నంత మాత్రాన కొత్తది కాదు. రబ్బరు వూరికే వున్నా ముసలిదవుతుంది. ఐదేళ్ళు దాటిన టైరును ఏటా మేస్త్రీకి చూపించాలి. పదేళ్ళు నిండితే గాట్లు ఎంత బాగున్నా తీసెయ్యాలి. ఐఎస్ఐ గుర్తు కూడా చూసుకోవాలి.

పొడుగు పొంతన

రిమ్ము పెద్దదైతే టైరు గోడ పొట్టిది కావాలి. మొత్తం చక్రం ఎత్తు మారకూడదు. ఇదే అసలు లెక్క. మా వాడి మోడలుకు కంపెనీవారు రెండు కొలతలు ఇచ్చారు. 165/80 ఆర్ 14 వేస్తే చక్రం ఎత్తు 620 మిల్లీమీటర్లు. 185/65 ఆర్ 15 వేస్తే 622. చూశారా, రెండు మిల్లీమీటర్ల తేడా! అమ్మినవాడు వేసిన 205/45 ఆర్ 17 ఎత్తు 616. అదీ పెద్ద తేడా కాదు. ఎత్తు నూటికి మూడు వంతులకు మించి మారితే స్పీడు చూపే ముల్లు అబద్ధం చెబుతుంది. చక్రం పెద్దదైతే ముల్లు 100 చూపినప్పుడు బండి 103లో పోతూ వుంటుంది.

"లెక్క సరిపోయింది గదా మామయ్యా! మరి పదిహేడు వేస్తే తప్పేమిటి?" అన్నాడు మావాడు గెలిచినట్టుగా.

మేస్త్రీ నవ్వి రెండు టైర్లు పక్కపక్కన నిలబెట్టాడు. పదిహేను అంగుళాల దానికి గోడ 120 మిల్లీమీటర్లు. పదిహేడు దానికి 92. అంగుళం పైచిలుకు మెత్తదనం తగ్గిపోయింది.

"బాబూ, గుంటలో పడ్డప్పుడు ఆ దెబ్బ ఎవరో ఒకరు తినాలి. టైరన్నా తినాలి, రిమ్మన్నా తినాలి, లోపల కూర్చున్న మనిషన్నా తినాలి. ఎవరు తినాలో మీరే చెప్పండి," అన్నాడు.

మావాడు మాట్లాడలేదు.

అల్లాయ్ చక్రం చెడ్డదని కాదు. తేలికగా వుంటుంది, అందంగా వుంటుంది. కాని గట్టి దెబ్బకు బీట వేస్తుంది. బీటను అతికించి నడపడం ప్రాణాలతో చెలగాటం. ఇనప చక్రం వంగుతుంది. చిన్న వంపైతే మేస్త్రీ సరిచేస్తాడు. సిమెంటు లారీలు తిరిగి తిరిగి అంచులు విరిగిన మా పల్లె రోడ్లకు వంగే గుణమే మంచిది.

బోల్టులూ, ఇరుసూ

చక్రం కొలత ఒక్కటే చాలదు. మా వాడి బండికి నాలుగు బోల్టులు. వాటి మీదుగా వలయం గీస్తే దాని వ్యాసం 100 మిల్లీమీటర్లు. మరొక కారు చక్రం కంటికి సరిపోయినట్టే కనిపించి, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వుంటే బోల్టులు వాలుగా బిగుసుకుంటాయి; నడుస్తూ నడుస్తూ వదులవుతాయి. నడిమి రంధ్రం కూడా ఇరుసు మీద సరిగ్గా కూర్చోవాలి. చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి వుండాలో చెప్పే అంకె మరొకటుంది. రిమ్ము మీద ఈటీ అని వుంటుంది. అది మారితే బేరింగుల మీద బరువు మారుతుంది, లేదా మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. కోసిన స్ప్రింగులున్న బండికి ఈ చివరి ముప్పు మరీ ఎక్కువ. అంచేత చక్రాలతో పాటు స్ప్రింగులు కూడా కంపెనీ కొలతకు మార్పించాం. వడ్రంగి సూత్రం మరవలేదు!

చట్టం మాట కూడా చెప్పాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా పలికింది. కంపెనీ ఆ మోడలుకు చెప్పిన కొలతలలోనే ఎంచుకుంటే పోలీసువారితోనూ, బీమావారితోనూ వాదన వుండదు.

ఎండా, వానా

మా మెట్టలో రెండు కాలాలు టైరును పరీక్షిస్తాయి. వేసవిలో రోడ్డు పెనంలా కాలుతుంది. ఎండకు గాలి వ్యాకోచించి టైరు పేలుతుందని చాలామంది గాలి తగ్గిస్తారు. ఇది తలకిందులు వైద్యం. గాలి తగ్గితే గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలుగుతుంది, నలిగి మరింత కాగుతుంది, పేలేది అప్పుడే. తలుపు చట్రం మీద కంపెనీవారు అంటించిన చీటీలో ఎంత వుంటే అంత గాలి, బండి చల్లగా వున్నప్పుడు పెట్టించాలి. స్టెప్నీని మరవకూడదు.

వానాకాలం సంగతి వేరు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి నీళ్ళు వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. అటువంటి వరదలో ఏ టైరైనా ఒకటే, ఆగిపోవడమే తెలివి. కాని వాన వెలిసిన రోడ్డు మీద నిలిచే పల్చని నీటిని మాత్రం టైరు గాట్లు పక్కకు తొయ్యాలి. గాట్లు అరిగితే బండి నీటి మీద తేలి, స్టీరింగు మాట వినదు. టైరు వెడల్పు పెరిగిన కొద్దీ ఈ తేలే గుణం పెరుగుతుంది. కారు టైరు గాటు లోతు 1.6 మిల్లీమీటర్ల కంటె తగ్గరాదని నిబంధన. గాట్ల అడుగున చిన్న మెట్లు వుంటాయి. రబ్బరు అరిగి వాటికి సమమైతే టైరు ఆయుష్షు తీరినట్టే. రెండే కొత్త టైర్లు కొనే స్తోమతుంటే వాటిని వెనక వెయ్యండి. వెనక పట్టు తప్పితే బండి గిర్రున తిరుగుతుంది.

చివరకు మావాడు పదిహేను అంగుళాల ఇనప చక్రాలు, 185 టైర్లు ఎంచుకున్నాడు. తూకం చేయించి, అలైన్‌మెంటు సరిచేయించాం. నల్ల చక్రాలు ఇంటికి తీసుకుపోలేదు. "ఇనప చక్రాలకు మూతలన్నా వేయించనా మామయ్యా?" అని అడిగాడు. వేయించుకోమన్నాను. ఆ మాత్రం ముచ్చట బండిని చెడగొట్టదు.

మరుసటి వారం వాళ్ళు బెజవాడ వెళ్ళి వచ్చారు. ప్రయాణం ఎలా వుందమ్మా అని కోడలిని అడిగాను. "ఏమో మామయ్యగారూ, చిల్లకల్లు దాటాక నిద్రపట్టింది. గొల్లపూడిలో లేపారు," అంది.