తోలు అంచు



తోలువస్తువును కొనువారు దాని రంగును, నిగనిగను, కుట్టును చూతురు. అంచును చూచువారు అరుదు. నేనును అట్టివాడనే. కొన్ని సంవత్సరముల క్రిందట మా యూరి చర్మకారు నొకనిచేత పుస్తకముల సంచి కుట్టించితిని. రెండు దినములలో కుట్టుపని ముగిసెను. మూడవ దినమంతయు అతడు అంచులనే రుద్దుచుండెను. "రుద్దుటకు కూడ కూలియా?" అని నేను బేరమాడితిని. అతడు రుద్దిన అంచుపైనను, రుద్దని ముక్క అంచుపైనను నాలుగేసి నీటిబొట్లు విడిచెను. రుద్దని యంచు వానిని పీల్చుకొని నల్లబడెను. రుద్దిన యంచుపై నవి పూసలవలె నిలిచెను. "అయ్యా, తోలు చెడుట అంచునుండియే మొదలు" అని మాత్ర మతడు పలికెను.

ఇందలి కారణము సులభము. తోలు సన్నని పోగుల యల్లిక. రంపెతో కోసినచోట ఆ పోగుల కొనలు తెరచుకొని యుండును. తేమ చొచ్చుటయు, పీచు లేచుటయు అచ్చటనే.

చేతిపని క్రమ మిది. ముందు అంచుయొక్క రెండు మూలలను సన్నగా చెక్కి గుండ్రన చేయుదురు. గరుకు కాగితముతో నునుపు చేసి, కొంచెము తడిపి, బంక రాచి, కఱ్ఱతోగాని ముతక గుడ్డతోగాని వడిగా రుద్దుదురు. రాపిడివలన వేడి పుట్టి, తడిసిన పోగులు అణగి, ఒకదానితో నొకటి కలిసి గట్టిపడును. తుదకు తేనెమైనము పట్టింతురు.

అయితే ఈ పని తంగేడుచెక్క, కరక్కాయ మొదలగువానితో ఊనిన తోలునకే చక్కగా కుదురును. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ క్రోము లవణములతో ఊను పద్ధతికి పేటెంటు పొందెను. నేడు లోకమునందలి తోళ్ళలో అధికభాగము క్రోముతో ఊనినవే. ఆ తోలు మెత్తనిది, సాగునది; ఎంత రుద్దినను దాని పోగులు అంతగా అణగవు. కావున కర్మాగారములలో అంచును పలుచగా చెక్కి లోనికి మడచి కుట్టుదురు. లేదా యంత్రపు ఉరుళ్ళతో చిక్కని రంగు పూసి ఆరబెట్టుదురు. చేతితో గంటలు పట్టు పని అచ్చట నిమిషములలో తీరును.

రంగు పూయుట మోసము కాదు. పూతపూతకును నడుమ నునుపు చేసి, పలుమారులు పూసినచో అది చాలకాలము నిలుచును. తొందరపడి ఒక్క పూతతో విడిచినదే చెడును. నేను కొన్న నడికట్టు ఒకటి యేడాదిలోనే, వంగుచోట పగిలి, అంచురంగు పెచ్చులుగా రాలిపోయెను. అట్టిదానిని బాగుచేయవలె నన్న పాతరంగును గీకి తిరిగి పూయవలెను. చేతితో రుద్దిన యంచు మాసినచో, కొంచెము మైనము రాచి మనమే ఇంట రుద్దుకొనవచ్చును.

కావున తోలువస్తువును కొనునపుడు అంచును ఒకమారు వంచి చూడుడు. పూత ముడుతపడినను, నెఱియ విచ్చినను విడిచిపెట్టుడు. నా సంచి నేటికిని నాయొద్ద నున్నది. దాని యంచు చెక్కుచెదరలేదు. నాడు బేరమాడి తగ్గించిన కూలిని నేను మరునాడే తీసికొనిపోయి యిచ్చితిని. ఆ మూడవ దినపు కూలియే నేను పెట్టిన సొమ్ములో మిక్కిలి సద్వినియోగమైనది.